పలుపు ముడి

బర్కా దాటినంక తుక్కు యార్డుల
మూడు ట్రాక్టర్లు నిలబెట్టిండు బలూచీ నూర్‌బక్ష్.
పొద్దుగాల ఎనిమిదికే బానెట్ మీద చెయ్యి ఆనదు.

మా అర్బాబ్ ముసబ్బహ్‌కు
తాత పోయినంక చేతికొచ్చిన తోట, సువైక్ కాడ.
నాలుగెకరాలకు రెండు గుంటలు తక్కువ.
ఖర్జూరాల నడుమ సర్కారు తుమ్మ
మోచెయ్యంత లావు మొదళ్ళేసింది.
నీళ్ళ కాల్వ ఎటువోయిందో ఎవలకు తెల్వదు.
పోయినేడు లోపటికి దూరిన మేక
గంట చప్పుడే గని, మళ్ళ కండ్లవడలేదు.

అర్బాబ్‌ది మస్కట్ల బ్యాంకు నౌకరి.
తెల్ల దిష్‌దాషా అంచు దుమ్ము తాకకుంట ఎత్తి పట్టుకొని
ఎర్రబండి చుట్టు తిరుగుతున్నడు
పిల్లను చూడవచ్చిన మేనమామ తీరు.
కొత్త రంగు, కొత్త స్టిక్కర్లు,
సీటుకు ప్లాస్టిక్ కవరు సుత తియ్యలే.

నాకు రంగుతోని పనిలేదు.
మెట్‌పల్లిల రాజిరెడ్డి షెడ్డుల
తొమ్మిదేండ్లు పానాలందిచ్చిన.
ఆయన మాట ఒక్కటే:
ఓనరును అడగకు, నూనెను అడుగు.
డిప్‌స్టిక్ గుంజి చూస్తే ఎర్రబండి నూనె
పాలెక్కువైన చాయ్ తీరున్నది.
హెడ్డు పోయింది. నీళ్ళు దిగినయి.
గా ముచ్చట అరబ్బీల ఎట్ల చెప్పాలె?
"మాయ్," అన్న. "దాఖిల్."
నూర్‌బక్ష్ చూసిన చూపు
ఇంకా నా వీపుకు అంటుకొనే ఉన్నది.

రెండోది పెద్దది. ఎనభై గుర్రాలు.
దాని భుజాలు ఖర్జూరాల సాళ్ళల్ల పట్టయి.
తోట కోసం బండి గని
బండి కోసం తోట నరుకుతమా?

మూడోది గోడ పక్కకు.
పాత మాస్సీ. నాకన్న ఐదారేండ్లు పెద్దదే ఉంటది.
తనది ఏ రంగో తనే మర్చిపోయింది.
గంటల మీటరు నాలుగువేల కాడ నిద్రవోయింది.
టైర్లు ఎండకాలపు రేగడోలె నెర్రెలిచ్చినయి.
సీటు పీచుల పిల్లి ఈనింది, మూడు కూనలు.

సెల్ఫు కొడితే దగ్గింది.
ఇంకోపారి కొడితే ఇంకింత దగ్గింది.
మూడోపారి మూడు సిలిండర్లు ఒక్క మాట మీదికొచ్చినయి.
నల్లపొగ గుప్పుమని వచ్చి తేలిపోయింది.
నీలంపొగ అయితే అక్కడ్నే ఇడిసిపెడుదు.
లిఫ్టు మీద నేనూ, యార్డు పోరడూ ఎక్కి నిలవడ్డం.
పావుగంట. గోరంత దిగలే.

అప్పుడు కనవడ్డది.
ఆక్సిలేటర్ రాడ్డు ఎన్నడో ఇరిగితే
సైకిల్ ట్యూబు చీలికతోని కట్టిన కట్టు.
రెండు సుట్లు, లోపలికెళ్ళి ఒక మడత,
కొస గుంజితే ఊడే ముడి,
గుంజకుంటే చచ్చినా ఊడని ముడి.
ఎడ్ల మెడకు పలుపు మా దిక్కు గట్లనే కడుతరు.
ఇంకో దేశపోడు కట్టంగ నేను చూడలే.

దీన్ని ఎవలు నడిపిండ్రు, అడిగిన.
నూర్‌బక్ష్ భుజాలెగరేసిండు.
"మస్తుమంది. ఒగడొస్తడు, ఒగడు వోతడు."
ట్యూబు రబ్బరు బిరుసెక్కింది,
ముట్టుకుంటే పొడి రాలుతున్నది.

"లేష్?" అడిగిండు అర్బాబ్. ఎందుకు గిదే?
చెప్పాలంటే ఎన్నున్నయి.
బరువు తక్కువ, సాళ్ళల్ల మలుగుతది,
సామాను సోహార్ల దొరుకుతది,
ఎటువోయినా నేనే ఇప్పుకుంట, నేనే బిగిచ్చుకుంట.
నాకొచ్చిన అరబ్బీ ఇరవై మాటలు.
"హాదా జైన్," అన్న.
మరి రంగు?
"ఖల్లీవల్లి."
ఆయన నవ్వంగ చూసుడు అదే మొదలు.

తొమ్మిదివందల రియాళ్ళ కాడ బేరం తెగింది.
పిల్లికూనల పైసలు ఎవ్వలడగలే.

శుక్రవారం తోటల దిగినం.
మూడో తుమ్మ మొద్దు గుంజేసరికి
కింద సున్నం గచ్చు తగిలింది. కాల్వ.
తడి లేదు, మేకగంట ఒక్కటి దొరికింది.

కొత్త రాడ్డు తెచ్చి నాలుగొద్దులైంది,
టూల్‌బాక్సులనే ఉన్నది.
రెండుపార్లు ముడి కొస దొరకవట్టిన.
గుంజలే.